తనే తెచ్చి ఇచ్చిన కత్తికి కూడా ‘జీరో టాలరెన్సా’?

మీరు మీ పోస్టులో అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. అమెరికాలో ఇల్లు మారుతున్న హడావుడిలో అట్టపెట్టెలు కోసే బాక్స్ కట్టర్ మీవాడి జాకెట్ జేబులో ఉండిపోయింది. ఎనిమిదో తరగతి పిల్లాడు. రెండో పీరియడ్‌లో చెయ్యి తగిలి చూసుకున్నాడు, క్లాసు అవగానే వెళ్ళి టీచర్ చేతిలో పెట్టాడు. సాయంత్రానికల్లా పది రోజుల సస్పెన్షన్, ఆపైన ఎక్స్‌పల్షన్ హియరింగ్ (స్కూల్లోంచి తీసెయ్యాలా అన్న విచారణ) అని ఉత్తరం వచ్చింది. అసిస్టెంట్ ప్రిన్సిపల్‌ని అడిగితే “మాది జీరో టాలరెన్స్ పాలసీ, మా చేతుల్లో ఏమీ లేదు” అన్నారు, అంటే కారణం ఏదైనా మినహాయింపు లేకుండా శిక్ష వెయ్యడమే. అది నిజమేనా, ఇప్పుడు మేమేం చెయ్యాలి, మా వీసాకీ వాడి కాలేజీకీ ఇబ్బందా అని మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. “మా చేతుల్లో ఏమీ లేదు” అన్న మాట చాలాసార్లు నిజం కాదు. ఈ మాట నేనూ అన్నవాణ్ణే కాబట్టి చెప్తున్నాను. ఇక్కడి పబ్లిక్ స్కూళ్ళలో, అంటే ప్రభుత్వ బడుల్లో, తొమ్మిదేళ్ళు లెక్కలు చెప్పాను, పదకొండేళ్ళు అసిస్టెంట్ ప్రిన్సిపల్‌గా క్రమశిక్షణ ఫైళ్ళు చూశాను, ఇప్పుడు డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ఆ స్కూళ్ళన్నిటినీ నడిపే సంస్థ) తరఫున హియరింగులు నడుపుతున్నాను. ఎదురుగా కళ్ళు తుడుచుకుంటున్న తల్లికి “మా చేతుల్లో లేదమ్మా” అని చెప్పడంలో ఒక సుఖం ఉంటుంది. నిర్ణయం నాది కాదు, రూలుది. ఆ రాత్రి నిద్ర పట్టడానికి అది బాగా పనికొస్తుంది.

నేను లాయర్ని కాను. రాష్ట్రానికో చట్టం, డిస్ట్రిక్టుకో రూల్ బుక్కు ఉంటాయి. నా మాటల్ని ఆ మేరకు తగ్గించి చదువుకోండి.

ముందు ఈ పాలసీ పుట్టుక కాస్త తెలియాలి, ఎందుకంటే మీ వాదన అందులోనే ఉంది. 1994లో ఫెడరల్ ప్రభుత్వం గన్ ఫ్రీ స్కూల్స్ యాక్ట్ తెచ్చింది. స్కూలుకి తుపాకీ తెచ్చిన పిల్లవాణ్ణి కనీసం ఏడాదిపాటు బయటికి పంపాలి, అలా చట్టం చేసుకోని రాష్ట్రానికి ఫెడరల్ నిధులు రావు. మీరు గమనించాల్సినవి రెండు. ఒకటి, అది తుపాకులూ బాంబుల్లాంటి వాటికి సంబంధించింది. కత్తి ఊసు అందులో లేదు. రెండోది ఇంకా ముఖ్యం. కేసును బట్టి ఆ శిక్షను మార్చే అధికారం డిస్ట్రిక్ట్ పెద్దకు, అంటే సాధారణంగా సూపరింటెండెంట్‌కు, ఉండాలని ఆ చట్టమే చెప్తోంది. తుపాకీ తెచ్చినవాడికే తలుపు ఓరగా తెరిచి ఉంచారండీ. మరి బాక్స్ కట్టర్‌కి ఆ తలుపు ఎవరు మూశారు?

మూసింది చాలాచోట్ల డిస్ట్రిక్టులే, కొన్నిచోట్ల రాష్ట్రాలు. 1999 ఏప్రిల్‌లో కొలరాడోలో కొలంబైన్ హైస్కూల్ ఘోరం జరిగాక ఊరూరా భయం పట్టుకుంది. తల్లిదండ్రులు ఏదో ఒకటి చెయ్యమన్నారు, స్కూల్ బోర్డులు చేశాయి. తుపాకీ జాబితాలోకి కత్తి వచ్చింది, కత్తి వెనకాల మందుబిళ్ళ, బొమ్మ తుపాకీ, నోరుజారిన మాట, చివరికి టీచర్‌కి ఎదురు చెప్పడం కూడా వచ్చి కూర్చున్నాయి. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు. 2013లో మేరీలాండ్‌లో ఏడేళ్ళ పిల్లాడు తినే పేస్ట్రీని కొరికి తుపాకీ ఆకారం చేశాడని రెండు రోజులు ఇంటికి పంపారు. దేశమంతా నవ్వింది. స్కూలు మాత్రం, అది ఒక్క పేస్ట్రీ సంగతి కాదు, క్లాసులో అంతకుముందునుంచీ అల్లరి నడుస్తోంది అంది. ఆ సస్పెన్షన్ కోర్టులో కూడా నిలబడింది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, పేపర్లో పడ్డ ప్రతి వింత కథ వెనకా మనకు కనబడని ఫైలు ఒకటి ఉంటుంది. మీ వాదనను అలాంటి వార్తల మీద కట్టకండి. హియరింగ్‌లో వాటిని ఎవరూ పట్టించుకోరు.

ఆ తర్వాత కొన్ని రాష్ట్రాలు వెనక్కి తగ్గాయి. ఫ్లోరిడా 2009లో తన చట్టాన్ని సవరించి, చిన్నాచితకా తప్పుల మీద జీరో టాలరెన్స్ ప్రయోగించొద్దంది. టెక్సస్‌లో పిల్లాడి ఉద్దేశం ఏమిటి, ఆత్మరక్షణా, పాత రికార్డు ఎలా ఉంది, వైకల్యం ఏమైనా ఉందా అన్నవి చూడాలని చట్టంలోనే ఉంది. మీది ఏ రాష్ట్రమో రాయలేదు. ముందు అది చూసుకోండి.

ఇక చెయ్యాల్సిన పనులు.

కోడ్ ఆఫ్ కాండక్ట్ (స్కూలు క్రమశిక్షణ రూల్ బుక్కు) తెరిచి, ఉత్తరంలో ఉదహరించిన సెక్షన్ అక్షరం అక్షరం చదవండి. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. మూడు మాటల కోసం వెతకండి. శిక్ష దగ్గర ‘షల్’ (వెయ్యాల్సిందే) అని ఉందా, ‘మే’ (వెయ్యవచ్చు) అని ఉందా? ‘మే’ అని ఉంటే చేతుల్లో ఏమీ లేదన్నది అబద్ధం. దగ్గర పెట్టుకోవడం అన్నచోట ‘నోయింగ్లీ’, అంటే తెలిసి, అన్న మాట ఉందా? ఉంటే మీవాడికి తెలిసిన క్షణం నుంచి టీచర్ చేతిలో పెట్టిన క్షణం దాకా ఎన్ని నిమిషాలో లెక్క కట్టండి. మూడోది, ఆయుధం అన్నదానికి నిర్వచనం. బ్లేడు పొడవు ఇంత ఉండాలని కొన్ని పుస్తకాల్లో ఉంటుంది, కొన్నిట్లో “ఆయుధంగా వాడితే” అని ఉంటుంది. ‘షల్’ అని ఉన్నా నీరసపడకండి, దాని కిందే చిన్న అక్షరాల్లో సూపరింటెండెంట్ మార్చవచ్చు అన్న వాక్యం తరచుగా కనబడుతుంది.

టీచర్ రాసిన రిఫరల్ కాగితం (పిల్లాడి తప్పు రాసి ఆఫీసుకి పంపే ఫారం) కాపీ అడగండి, రాతపూర్వకంగా. ఈమెయిల్ చాలు. పిల్లల రికార్డులు చూసే హక్కు ఫెర్పా అనే ఫెడరల్ చట్టం కింద మీకుంది. ఆ చట్టం స్కూలుకి 45 రోజుల గడువిస్తుంది కాబట్టి, హియరింగ్‌లోపే కావాలని ఈమెయిల్‌లో తేదీ వేసి మరీ అడగండి. ఆ కాగితంలో “విద్యార్థి స్వచ్ఛందంగా అప్పగించాడు” అన్న వాక్యం ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ టీచర్‌ని మర్యాదగా, ఆ ఒక్క విషయం రెండు లైన్లలో రాసివ్వమని అడగండి. చాలామంది ఇస్తారు. నిజానికి ఆ టీచర్ కూడా ఈపాటికి నలిగిపోతూ ఉంటుంది, నమ్మి చేతిలో పెట్టిన పిల్లాణ్ణి తనే పట్టిచ్చినట్టయింది కదా.

మీవాడు ఆ రోజు ఆఫీసులో ఏమైనా రాసిచ్చాడా అని అడగండి. ఇది కాస్త విడమరిచి చెప్పాలి. నా ఆఫీసులో పసుపు రంగు గీతల కాగితాల పుస్తకం ఒకటి ఉండేది. పిల్లాణ్ణి కూర్చోబెట్టి, పెన్ను ఇచ్చి, “జరిగింది నీ మాటల్లో రాయి” అనేవాణ్ణి. ఒకసారి ఒక కుర్రాడు, జేబులో చేపలు పట్టే సామాన్లలోని చిన్న చాకు ఉండిపోయినవాడు, వంచిన తల ఎత్తకుండా రాశాడు: “ఆయుధం తెచ్చినందుకు నన్ను క్షమించండి.” ఆ కాగితమే హియరింగ్‌లో అన్నిటికంటే గట్టి సాక్ష్యమైంది. చాలా రోజుల తర్వాతగానీ నాకు తట్టలేదు. ఆయుధం అన్న మాట వాడిది కాదు. వాడు గదిలోకి వచ్చినప్పటినుంచి నేను ఆ మాట నాలుగైదుసార్లు అన్నాను. నా మాటనే వాడు నాకు తిరిగి రాసిచ్చాడు. మీవాడి కాగితంలో అలాంటిది ఉంటే, ఆ మాట ఎలా వచ్చిందో హియరింగ్‌లో వాడినే చెప్పనివ్వండి.

పది రోజుల సంగతి. 1975లో గాస్ వర్సెస్ లోపెజ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పది రోజులలోపు సస్పెన్షన్ అయినా సరే, ఆరోపణ ఏమిటో పిల్లాడికి చెప్పాలి, వాడు కాదంటే ఆధారమేమిటో చెప్పి, వాడి వైపు మాట వినాలి. అంతకు మించిన శిక్షకు ఇంకాస్త పద్ధతిగా విచారణ జరగాల్సి రావచ్చని కూడా అంది. అందుకే చాలా డిస్ట్రిక్టులు సరిగ్గా పది రోజులు ఇచ్చి, ఆలోపు హియరింగ్ పెడతాయి. మీవాడికి ఐఈపీ గానీ 504 ప్లాన్ గానీ (వైకల్యం ఉన్న పిల్లలకు స్కూలు రాసిచ్చే సహాయ ప్రణాళికలు) ఉంటే వెంటనే ఆ మాట ఎత్తండి. ఆ తప్పు వాడి వైకల్యం వల్ల జరిగిందా అని తేల్చే సమావేశం వేరే పెట్టాలి, దానికి ప్రత్యేక గడువులున్నాయి.

ఇప్పుడు హియరింగ్‌లో ఏం మాట్లాడాలి. నా ముందు కూర్చున్న మన తెలుగువాళ్ళు నూటికి తొంభైమంది చేసే పని ఒకటే. ప్రోగ్రెస్ కార్డులు, స్పెల్లింగ్ పోటీల సర్టిఫికెట్లు, రోబోటిక్స్ ఫొటోలు ఫైలు కట్టి తెస్తారు. “మావాడు అలాంటివాడు కాదండీ” అంటారు. పాత రికార్డు శుభ్రంగా ఉందని ఒక్క వాక్యంలో చెప్పడం మంచిదే. కానీ అరగంట అదే అయితే, బల్లకు ఇటువైపు కూర్చున్నవాళ్ళకు వేరేలా వినబడుతుంది. ‘అలాంటివాళ్ళు’ వేరే ఉన్నారు, రూలు వాళ్ళకి పెట్టండి, మాకు కాదు అన్నట్టుంటుంది. ఆ గదిలో ముగ్గురుంటే, తమ పిల్లల్ని ‘అలాంటివాళ్ళు’ అనిపించుకున్న వాళ్ళు ఒకరైనా ఉంటారు.

దాని బదులు ఒక్క విషయం మీద నిలబడండి. వాడు చెప్పాడు. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ వెతకలేదు, వాడే చెప్పాడు. చెప్పినవాడికీ దాచినవాడికీ ఒకే శిక్ష వేస్తే రేపటినుంచి ఎవరూ చెప్పరు.

ఇది మాటవరసకి అనడం లేదు. నేను పని చేసిన ఒక స్కూల్లో సరిగ్గా ఇలాగే జేబు చాకు తనే అప్పగించిన ఏడో తరగతి పిల్లాణ్ణి ఆల్టర్నేటివ్ స్కూలుకి, అంటే శిక్ష పడ్డ పిల్లల్ని పంపే వేరే బడికి, పంపాం. సంతకం నాదే. నెల తిరక్కుండా ఒక ఉదయం మా స్కూలు కస్టోడియన్ (స్కూలు శుభ్రం చేసే ఉద్యోగి) నా గది గుమ్మంలో చెత్త చేట పట్టుకుని నిలబడ్డాడు. మగపిల్లల బాత్రూమ్ పైకప్పు పలక ఒకటి పక్కకి జరిగి ఉందట, చెయ్యి పెట్టి చూస్తే పేపర్ టవల్‌లో చుట్టిన చిన్న మడత చాకు. “ఇంతకుముందు ఇవి మీ ఆఫీసుకి వచ్చేవి సార్. ఇప్పుడు నాకు దొరుకుతున్నాయి” అని చేట నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ చాకు ఎవరిదో మాకు చివరిదాకా తెలియలేదు. పొరపాటున తెచ్చుకున్నదా, కావాలని తెచ్చిందా అన్నదీ తెలియలేదు. నా ఉద్యోగంలో నాకు నిజంగా భయం వేసిన రోజుల్లో అదొకటి. తెలిసిన చాకు కాదు భయపెట్టేది, తెలియని చాకు.

దీనికి బలమైన ఆధారం కూడా ఉంది, కావాలంటే హియరింగ్‌లో వాడుకోండి. అమెరికా సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి 1974 నుంచి 2000 దాకా స్కూళ్ళలో జరిగిన 37 దాడులను పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చాయి. అందులో తేలింది ఏమిటంటే, నూటికి ఎనభై దాడుల్లో కనీసం ఒక్కరికైనా ముందే తెలుసు. తెలిసినవాళ్ళలో ఎక్కువమంది తోటి పిల్లలే. అంటే స్కూలుకి ఉన్న అసలైన రక్షణ గేటు దగ్గర మెటల్ డిటెక్టర్ కాదు, “సార్, ఒక మాట చెప్పాలి” అని గదిలోకి వచ్చే పిల్లాడు. వాణ్ణి శిక్షించే ఏ రూలైనా ఎలుకలున్నాయని ఇంటికి నిప్పంటించుకోవడమే.

అదే బాటలో వర్జీనియా 2013లో ప్రతి పబ్లిక్ స్కూల్లో త్రెట్ అసెస్‌మెంట్ (బెదిరింపు ఎంత నిజమో అంచనా వేసే) టీములు ఉండాలని చట్టం చేసింది. పిల్లాడు ఏదైనా బెదిరింపు మాట అంటే, అది కోపంలో నోరుజారిన మాటా, లేక నిజంగా చేసే ఉద్దేశం ఉందా అని ముందు తేల్చుకుంటారు. నేను ఈ పద్ధతిలో శిక్షణ తీసుకున్నాక నా పని కష్టమైంది, అబద్ధమెందుకు. రూలు పుస్తకం చూసి పది నిమిషాల్లో తేల్చే కేసుకి మూడు గంటలు పట్టేది.

“రూలు అందరికీ ఒకటే కదా, పక్షపాతం ఉండదు” అని మీ పోస్టు కింద ఒకరు రాశారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, చాలా ఏళ్ళు. రూలు ఒకటే, కాగితం రాసే చేతులు వేరు. ఒకే తోపులాటని ఒక టీచర్ ‘అల్లరి’ అని రాస్తుంది, ఇంకొకరు ‘దాడి’ అని రాస్తారు. విచక్షణ ఎక్కడికీ పోలేదు, ప్రిన్సిపల్ గదిలోంచి రిఫరల్ కాగితంలోకి మారిందంతే, అక్కడ దాన్ని ఎవరూ ప్రశ్నించరు. టెక్సస్‌లో దాదాపు పది లక్షలమంది పిల్లల రికార్డులు తీసి చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. ఏడు నుంచి పన్నెండో తరగతి లోపు దాదాపు 60 శాతం మంది కనీసం ఒక్కసారి సస్పెండో ఎక్స్‌పెల్లో అయ్యారు. ఆ చర్యల్లో చట్టం తప్పనిసరి చేసినవి 3 శాతమే, తక్కినవన్నీ స్కూలు ఇష్టం మీద వేసినవి. మిగతా తేడాలన్నీ లెక్కలోంచి తీసేసినా, అలాంటి శిక్ష నల్లజాతి పిల్లలకు పడే అవకాశం తెల్లపిల్లలకంటే 31 శాతం ఎక్కువ. ఇక అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ నివేదిక 2008లో అచ్చయింది. జీరో టాలరెన్స్ వల్ల స్కూళ్ళు భద్రంగా మారాయనడానికి ఆధారం లేదని తేల్చింది.

నా చేతులతో నేను రాసిన ఒక మాట చెప్పి ఈ సంగతి వదిలేస్తాను. ఆరో తరగతి అమ్మాయి, కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న స్నేహితురాలికి తన బ్యాగులోంచి టైలెనాల్ (మన పారాసిటమాల్) బిళ్ళ ఇచ్చింది. మా ఫారంలో గళ్ళు రెండే: పొసెషన్ (దగ్గర ఉంచుకోవడం), డిస్ట్రిబ్యూషన్. నేను రెండోదానికి టిక్కు పెట్టాను. “డిస్ట్రిబ్యూషన్ అంటే ఏంటి సార్?” అని అడిగింది ఆ పిల్ల. పంచిపెట్టడం అని చెప్పాను. “ఒక్కటే ఇచ్చాను సార్” అంది. (మీ పిల్లల బ్యాగుల్లో మాత్రలు ఉంటే ఇవాళే తీసెయ్యండి. మందు ఏదైనా నర్సు ఆఫీసుకి మీరే అందజెయ్యాలి, సాధారణ తలనొప్పి బిళ్ళయినా సరే.)

ఇంత చెప్పాక, అవతలి వైపు కూడా చెప్పకపోతే అన్యాయం. ఒక కేసులో పిల్లాడి బ్యాగులో పెల్లెట్ గన్ దొరికింది. తండ్రి “బొమ్మండీ, తెలియక పెట్టుకున్నాడు” అన్నాడు. ఆ పిల్లాడు అంతకు వారం ముందునుంచి ఇంకో అబ్బాయికి రోజూ మెసేజులు పెడుతున్నాడు. అవి చదివాను. ఆ రోజే బయటికి పంపాం, మళ్ళీ అలాంటిదే వస్తే మళ్ళీ పంపుతాను. బెదిరింపుకి గురైన పిల్లాడికీ తల్లిదండ్రులున్నారు, వాళ్ళూ నా ఎదురుగానే కూర్చున్నారు. కాబట్టి మీవాడి కేసులో మీకు తెలియనిది ఏమీ లేదని ముందు మీరు నిర్ధారించుకోండి. ఇంట్లో తలుపు వేసుకుని, కోప్పడకుండా, ఫోను పక్కన పెట్టించి అడగండి. ఎవరితోనైనా గొడవ నడుస్తోందా? ఆ కట్టర్ టీచర్‌కి ఇచ్చేముందు ఎవరికైనా చూపించాడా? “చూడరా, నా దగ్గర ఏముందో” అని ఒక్కడికి చూపించినా కథ మారిపోతుంది. అది మీకు హియరింగ్‌లో తెలియడం కంటే ఇంట్లో తెలియడం మేలు.

మీరు చివర్లో అడిగిన వీసా భయం గురించి. స్కూలు సస్పెన్షన్ స్కూలు వ్యవహారం, అది క్రిమినల్ రికార్డు కాదు. పోలీసు వస్తే మాత్రం సంగతి వేరు. చాలా స్కూళ్ళలో యూనిఫాం వేసుకున్న రిసోర్స్ ఆఫీసర్ ఉంటాడు, మనవాళ్ళు ఆయన్నీ స్కూలు సిబ్బందిలో ఒకడనే అనుకుంటారు. ఆయన పోలీసే. 2011లో జేడీబీ వర్సెస్ నార్త్ కరొలైనా కేసులో, స్కూలు గదిలో పోలీసులు ప్రశ్నించిన పదమూడేళ్ళ పిల్లాడి విషయంలో, వాడి వయసును కూడా లెక్కలోకి తీసుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది. మీవాణ్ణి పోలీసు ప్రశ్నలు వేసి ఉన్నా, వేస్తామన్నా, ఇక నా సలహాలు ఆపేసి లాయర్ దగ్గరికి వెళ్ళండి. మీ ఇమిగ్రేషన్ లాయర్‌కి కూడా ఒక మాట చెప్పి ఉంచండి.

కాలేజీ భయం అంత వద్దు. చాలా కాలేజీలకు ఒకే ఫారంతో దరఖాస్తు పెట్టుకునే కామన్ యాప్, 2021-22 దరఖాస్తుల నుంచి స్కూలు శిక్షల ప్రశ్న తన ఫారంలోంచి తీసేసింది. కొన్ని కాలేజీలు విడిగా అడగొచ్చు, కానీ ఎనిమిదో తరగతి సంగతి అక్కడిదాకా రావడం అరుదు. రికార్డులో రాసింది తప్పయితే సరిదిద్దమని అడిగే హక్కు ఎలాగూ ఉంది.

హియరింగ్‌కి ముందే సెటిల్ చేద్దాం, ఈ కాగితం మీద సంతకం పెట్టండి అని ఫోను రావచ్చు. మంచి ఒప్పందమే కావచ్చు, నేనూ అలాంటివి బోలెడు చేశాను. కానీ అందులో ఏ సెక్షన్ కింద తప్పు ఒప్పుకుంటున్నారో చూడకుండా పెట్టకండి. “ఆయుధం” అన్నచోట “నిషేధిత వస్తువు” అని మార్చమని అడగండి. నేనైతే మార్చేవాణ్ణి. చాలామంది అడగరు, అంతే.

ఈ పది రోజులూ హోంవర్కు పంపమని టీచర్లకి ఈరోజే ఈమెయిల్ పెట్టండి, లేకపోతే తిరిగి వెళ్ళాక లెక్కల్లో ఒక చాప్టర్ పోతుంది. ఇంకోటి. కత్తి టీచర్‌కి ఇచ్చి తప్పు చేశానా నాన్నా అని మీవాడు అడుగుతున్నాడని రాశారు. “చెయ్యలేదు” అని వాడికి మీరు హియరింగ్‌కి ముందే చెప్పండి, ఫలితం వచ్చేదాకా ఆగకండి. మీ రాష్ట్రం పేరు, ఆ సెక్షన్‌లోని వాక్యం ఇక్కడ రాస్తే చూసి చెప్తాను.